పెరిగే ఎరే, పాత పాయింటర్: అపోహలు - వాస్తవాలు

"అన్నా, టెస్టులన్నీ పాసయ్యాయి. సర్వర్‌లోనే పడిపోతోంది. ర్యామ్ పాడైందేమో అంటున్నారు." మొన్న మళ్లీ ఇదే ఫోను. ఉద్యోగంలో చేరి మూడు నెలలైనా కాలేదు పాపం, గొంతు వణుకుతోంది. నేను అడిగేది ఎప్పుడూ ఒక్కటే: ఎరేలోని (విలువలు వరసగా దాచే చోటు) ఎలిమెంట్‌కు పాయింటర్ (అది మెమరీలో ఉన్న చోటి అడ్రస్) తీసి ఎక్కడైనా దాచుకున్నావా? దాచుకునే ఉంటారు.

అపోహ: ఎరే పెరిగినా ముందు తీసుకున్న పాయింటర్ పనిచేస్తుంది.

వాస్తవం: దాన్ని నమ్మొద్దు. కెపాసిటీ (తీసుకున్న బ్లాక్‌లో ఎన్ని పడతాయో ఆ సంఖ్య) నిండాక ఇంకొకటి వేస్తే, ఎరే మరోచోట పెద్ద బ్లాక్ తీసుకుని, సరుకంతా అక్కడికి చేరవేసి, పాతది ఫ్రీ చేస్తుంది. జీసీసీ కంపైలర్‌తో వచ్చే సీ++ వెక్టర్ (పెరిగే ఎరే) లాగే, ఫోను చేసిన అబ్బాయి సీ భాషలో రాసుకున్న ఎరే కూడా 1, 2, 4, 8, 16 అంటూ రెట్టింపవుతుంది. తొమ్మిది వేశాక పాయింటర్ తీసి, పదోది వేసి చూశాడు. పాస్. 17వది వచ్చింది ప్రొడక్షన్‌లో, అంటే అసలు సర్వర్‌లో.

17వది వేసినా టెస్టు పాసవ్వొచ్చు, అసలు మోసం అక్కడే ఉంది. అద్దెవాళ్లు ఖాళీ చేసిన పోర్షన్‌లో గోడకు వాళ్ల క్యాలెండర్ ఇంకా వేలాడుతున్నట్టు, ఫ్రీ చేసిన చోట పాత విలువ చెరగకుండా ఉండొచ్చు. పైగా పక్కన జాగా దొరికితే రీఅలాక్ (బ్లాక్ సైజు మార్చే సీ ఫంక్షన్) బ్లాకును ఉన్నచోటే పెంచేస్తుంది.

నా మొదటి ఉద్యోగంలో ఇదే బగ్ మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసింది. ప్రింట్‌ఎఫ్ (తెరమీద రాసే ఫంక్షన్) పెడితే నడిచేది, తీస్తే పడిపోయేది. ప్రింట్‌ఎఫ్ కూడా తన బఫర్‌కు మెమరీ తీసుకుంటుందని, దాంతో హీప్ (ప్రోగ్రామ్ అడిగి తీసుకునే మెమరీ) అమరికే మారిపోతుందని అప్పుడు తెలీదు. కంపైలర్‌లోనే బగ్ అని ఒకాయన తేల్చేశారు. నేనూ నమ్మాను.

ఇప్పుడు టెస్టు బిల్డులో రీఅలాక్ బదులు నా సొంత ఫంక్షన్ పెడతాను. అది ప్రతిసారీ కొత్త బ్లాకే తీసుకుంటుంది, పాతదాన్ని చెత్త బైట్లతో నింపి ఫ్రీ చేస్తుంది. మొదటి కెపాసిటీ 1, పెంపు ఒక్కొక్కటే. అంటే రెండోదాని నుంచి ప్రతి పుష్‌కీ (ఎరేలో ఇంకొకటి వేసినప్పుడల్లా) ఇల్లు మారాల్సిందే. అంత ఓపిక లేదా, మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో నడపండి. దాని రీఅలాక్ కూడా ఎప్పుడూ కొత్త చోటికే మారుస్తుంది. ఇక కోడ్‌లో పాయింటర్ కాదు, ఇండెక్స్ (ఎరేలో ఎన్నోదో చెప్పే సంఖ్య) దాచుకోండి.

మిగతావి గబగబా. "లినక్స్‌లో మాలాక్ (మెమరీ అడిగే ఫంక్షన్) ఫెయిలవదు" అనేవాళ్లు, ప్రోగ్రామ్‌కు పరిమితులు పెట్టే యూలిమిట్ కమాండ్‌తో అడ్రస్ స్పేస్ తగ్గించి చూడండి. టెస్టులో మొదటి అలొకేషన్‌ను (మెమరీ తీసుకోవడాన్ని) ఫెయిల్ చేసి ఒకసారి, రెండోదాన్ని ఫెయిల్ చేసి ఇంకోసారి, అలా చివరిదాకా నడపాలి. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌ను పరీక్షించేది ఇలాగే. రీఅలాక్ ఫలితాన్ని నేరుగా పాత పాయింటర్‌లోనే వేసుకునేవాళ్లు దొరికిపోయేదీ ఇక్కడే: మెమరీ దొరక్క నల్ (ఖాళీ పాయింటర్) వస్తే పాత బ్లాక్ అడ్రస్ పోయి, దాన్ని ఇక ఫ్రీ చేయలేక మెమరీ లీకవుతుంది. "క్లియర్ చేస్తే వెక్టర్ మెమరీ వెనక్కి ఇచ్చేస్తుంది" కూడా తప్పే. సైజు సున్నా అవుతుంది, కెపాసిటీ కదలదు.

ఆ అబ్బాయికి నా రీఅలాక్ ఫైలు పంపాను. పది నిమిషాల్లో ఫోను: "అన్నా, ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లోనూ పడిపోతోంది!" ఎంత సంబరమో. సర్వర్‌కు కొత్త ర్యామ్ అప్పటికే ఆర్డర్ పెట్టేశారట.