32 దాకా దిగలేదంటే ఐస్ లేనట్టేనా? తొలి చలిపై అపోహలు - వాస్తవాలు

అక్టోబర్ మూడో వారం వచ్చిందంటే చాలు, నా ఫోన్‌కి దాదాపు ఒకే మెసేజ్ పదిమంది దగ్గర్నుంచి వస్తుంది. "అన్నా, రేపు పొద్దున్నే ఆరున్నరకి బయల్దేరాలి. యాప్‌లో 36 చూపిస్తోంది, స్నో లేదు. పర్లేదు కదా?"

నేను అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో రోడ్డు వాతావరణం చూసే ఫోర్‌కాస్టర్‌ని. ఏ రోడ్డు ఎన్నింటికి గడ్డకట్టే స్థితికి వస్తుందో, ఉప్పునీళ్లు ఎప్పుడు చల్లాలో, మంచు తీసే ప్లౌ ట్రక్కులు ఎప్పుడు కదలాలో రాత్రంతా కూర్చుని చెప్పడం మా పని. ఆ మెసేజ్‌లో ఉన్నవన్నీ నిజాలే. యాప్‌లో 36 ఉంది (ఇక్కడ చెప్పేవన్నీ ఫారెన్‌హీట్ డిగ్రీలే, నీరు గడ్డకట్టేది 32 దగ్గర), స్నో లేదు. కానీ ఆ రెండూ చూసి "పర్లేదు" అనేసుకోవడమే ఇక్కడ చలికాలం మొదట్లో మనవాళ్లకి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తోంది. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తాను. మిగతావి త్వరగా చెప్పి వదిలేస్తాను.

అపోహ: టెంపరేచర్ 32 కిందకి దిగితేనే ఐస్

యాప్‌లో కనిపించే నంబర్ గాలిది, రోడ్డుది కాదు. ఆ గాలిని కొలిచే థర్మామీటర్లు చాలావరకు ఎయిర్‌పోర్టుల్లో, నేలకి సుమారు 2 మీటర్ల ఎత్తున ఉంటాయి. కారు డ్యాష్‌బోర్డు మీద కనిపించేదీ గాలి టెంపరేచరే. దాని సెన్సర్ ముందు బంపర్ దగ్గరో గ్రిల్ వెనకో ఉంటుంది. చాలా కార్లలో 37 దగ్గరే మంచు గుర్తు వెలుగుతుంది, గమనించారా? ఇంకా అయిదు డిగ్రీలు ఉండగా ఎందుకు వెలుగుతోంది, సెన్సర్ పాడైందా అని నన్ను అడిగినవాళ్లున్నారు. పాడవలేదు. గాలి 37 ఉన్నప్పుడే కింద ఎక్కడో ఒకచోట గడ్డకట్టి ఉండొచ్చని కారు తయారుచేసినవాళ్లకి తెలుసు.

మబ్బు లేని, గాలి కదలని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూనే ఉంటుంది. మబ్బుంటే దుప్పటి కప్పినట్టు కొంత వేడి వెనక్కి వస్తుంది. మబ్బు లేకపోతే పోయింది పోయినట్టే. ముందు నేల చల్లబడుతుంది, తర్వాత నేలని ఆనుకున్న గాలి, ఆ తర్వాత గానీ 2 మీటర్ల ఎత్తున ఉన్న గాలి చల్లబడదు. అందుకే పైన 36 ఉన్న సమయానికే కింద గడ్డి, కారు అద్దం, బ్రిడ్జి 32 కిందకి దిగిపోయి ఉంటాయి. యాప్ 35 అంటున్న పొద్దున మీరే కారు అద్దం మీద ఫ్రాస్ట్ గీకుతారు. గీకి, బండెక్కి, అదే ఫ్రాస్ట్ రోడ్డు మీద కూడా ఉండొచ్చన్న ఆలోచన లేకుండా 60 మైళ్ల స్పీడులో వెళ్లిపోతారు.

మన భాషలో కూడా ఒక చిక్కుంది. పొద్దున్న గడ్డి మీద మెరిసే బొట్లూ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, దూదిలా రాలేదీ మంచే, గడ్డకట్టిన నీరూ మంచే. "మంచు పడిందా?" అంటే కొత్తగా వచ్చినవాళ్లకి దూదిలా రాలేదే కళ్లముందు మెదులుతుంది. తొలి చలి రోజుల్లో బండిని జార్చేది ఎక్కువగా అది కాదు. ఆకాశం నుంచి ఏమీ పడకుండానే, గాలిలో ఉన్న తేమ గడ్డి మీద పట్టినట్టే రోడ్డు మీదా పట్టి అక్కడే గడ్డకడుతుంది. దాని కోసం ఆకాశం వైపు చూసి లాభం లేదు.

బ్రిడ్జిల సంగతి వేరేగా చెప్పాలి. మామూలు రోడ్డు కింద మట్టి ఉంటుంది. వేసవంతా దాచుకున్న వేడి అక్టోబర్, నవంబర్‌లలో ఆ మట్టిలో ఇంకా మిగిలే ఉంటుంది, కింద నుంచి రోడ్డుని కాస్త కాపాడుతూ ఉంటుంది. బ్రిడ్జి కింద ఉండేది గాలే. పైనుంచీ కిందనుంచీ చల్లబడుతుంది. ఓవర్‌పాసులూ, ఎత్తుగా లేచే ర్యాంపులూ అంతే.

ఒక నవంబర్ తెల్లవారుజామున, తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పట్టుకుని ఒక ఓవర్‌పాస్ దగ్గర నిలబడ్డాను. గాలి 36. బ్రిడ్జికి ఇవతల రోడ్డు మీద ఎర్రచుక్క పెడితే 37 చూపించింది. ఇనప జాయింటు దాటి నాలుగడుగులు వేసి మళ్లీ పెడితే 30. నాలుగడుగుల్లో ఏడు డిగ్రీల తేడా. కంటికి మాత్రం రెండు వైపులా ఒకేలా ఉంది. నల్లగా, కాస్త తడిసినట్టుగా. గ్లవ్ తీసి వేలితో రాశాను. ఇవతల తారు గరుకుగా తగిలింది, అవతల గాజుపలక మీద రాసినట్టుంది. బ్లాక్ ఐస్ అంటే ఇదే. దానికి రంగు లేదు, కింద ఉన్న రోడ్డు రంగే దాని రంగు.

కొన్నేళ్ల కిందట ఒక తమ్ముడు రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. చదువు కోసం వచ్చి అప్పటికి రెండు నెలలు. "అన్నా, రేపు స్నో ఉందా?" అన్నాడు. షిఫ్టులో పని మీద ఉన్నాను, "లేదు తమ్ముడూ" అని పెట్టేశాను. పొద్దున్న ఏడు కాకముందే ఓవర్‌పాస్ మీద అతని కారు రెండు చుట్లు తిరిగి రెయిలింగ్‌కి కొట్టుకుంది. మెడ కింది ఎముక విరిగింది. హాస్పిటల్‌కి వెళ్తే నన్ను ఒక్క మాట అనలేదు. "స్నో లేదన్నారు కదన్నా, ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు" అన్నాడు అంతే. నేను చెప్పింది అబద్ధం కాదు. కానీ అతను అడగాల్సింది రోడ్డు గురించని తెలిసినవాణ్ని నేనే. ఆ రాత్రి ఆకాశం నిర్మలంగా ఉందని, గాలి లేదని, బ్రిడ్జిలు 30 దాకా దిగుతాయని నా ఎదురుగా స్క్రీన్ మీదే ఉంది. ఆ రోజు నుంచి స్నో గురించి ఎవరు అడిగినా రోడ్డు గురించి కూడా చెప్పకుండా ఫోన్ పెట్టను.

మరి మీ అంతట మీరు ఎలా కనిపెట్టాలి? పడుకునే ముందు ఆకాశం చూడండి, చుక్కలు స్పష్టంగా ఉన్నాయా అని. చెట్ల కొమ్మలు కదులుతున్నాయా చూడండి. యాప్‌లో టెంపరేచర్ పక్కనే ఎక్కడో డ్యూ పాయింట్ ఉంటుంది, దాన్ని చూడండి. తేమ ఏ టెంపరేచర్ దగ్గర పట్టడం మొదలవుతుందో చెప్పే నంబర్ అది. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేక, కనిష్ఠం 36 లోపుండి, డ్యూ పాయింట్ దానికి రెండు మూడు డిగ్రీల దూరంలోనే ఉంటే పొద్దున్న బ్రిడ్జిల మీద ఐస్ ఉందనుకునే బయల్దేరండి. మొక్కల కోసం నేషనల్ వెదర్ సర్వీస్ (ఇక్కడి ప్రభుత్వ వాతావరణ సంస్థ) ఇచ్చే ఫ్రాస్ట్ అడ్వైజరీ కూడా సాధారణంగా కనిష్ఠం 33 నుంచి 36 మధ్య ఉంటుందనుకున్నప్పుడే వస్తుంది. మొక్కకి పట్టేది బ్రిడ్జికి పట్టదా?

ఇంకో సంగతి. చాలామంది రాత్రి పదకొండుకి చూసిన నంబర్‌తోనే పొద్దున్న బయల్దేరతారు. నిర్మలమైన రాత్రి అన్నిటికంటే చల్లగా ఉండేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయం అటూ ఇటూ. అంటే సరిగ్గా ఆఫీసులకీ కాలేజీలకీ బయల్దేరే సమయం. ఎండ కాస్త రోడ్డు మీద పడ్డాక పరిస్థితి మారిపోతుంది. వీలుంటే ఒక్క గంట ఆగండి. వీలుకాకపోతే బయల్దేరే ముందు 511 అనే సైట్ చూడండి. మిన్నెసోటా రవాణా శాఖ రోడ్డు పరిస్థితి, కెమెరాలు అందులో పెడుతుంది. రోడ్డులోనే సెన్సర్లు పాతిన స్టేషన్లు కూడా ఆ శాఖకి ఉన్నాయి. మా అంచనాలకి అవే ఆధారం.

ఐస్ మీదకి వచ్చేశారని తెలిస్తే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయండి. బ్రేక్ తొక్కకండి. స్టీరింగ్ ఎటు వెళ్లాలో అటు నెమ్మదిగా పట్టుకుని ఉండండి. బ్రిడ్జి మీద లేన్ మారకండి. క్రూయిజ్ కంట్రోల్ ఈ నెలల్లో పొద్దున్నపూట వాడకండి.

అపోహ: 38 ఉంది కాబట్టి పడితే వానే

ఇది కూడా పై దాని చెల్లెలే. గాలి పొడిగా ఉంటే పడుతున్న చినుకులు కొంత ఆవిరవుతాయి, ఆ ఆవిరి చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాక్కుంటుంది. తడిబట్ట కట్టుకుని గాలికి నిలబడితే చలేసినట్టు. గాలి 38, డ్యూ పాయింట్ 20 ఉంటే, వాన మొదలయ్యాక టెంపరేచర్ దాదాపు 32 దాకా దిగగలదు. వానగా మొదలైంది గంటలో స్నోగా మారడానికి ఇదొక కారణం. దీనికీ ఆ డ్యూ పాయింటే చూడాలి. డులూత్ అనే ఊళ్లో ఇంకో తమాషా. నవంబర్‌లో లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సు నీరు గాలి కంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి ఒడ్డున వాన పడుతుంటే, కొండ మీద ఎయిర్‌పోర్టు దగ్గర అదే సమయంలో స్నో కురుస్తుంది. ఒకే ఊరు, ఒకే యాప్ నంబర్.

అపోహ: పొద్దున్న వెచ్చగా ఉంది, ఇవాళ్టికి భయం లేదు

1940 నవంబర్ 11న మిన్నెసోటాలో నవంబర్‌కి వింతగా అనిపించేంత వెచ్చగా తెల్లారింది. పల్చటి బట్టలతో మిసిసిప్పీ నది లంకల్లోకి బాతుల వేటకి వెళ్లినవాళ్లు చాలామంది. మధ్యాహ్నానికి గాలి దిశ మారింది, వాన స్నో అయింది, చలి ఒక్కసారిగా విరుచుకుపడింది. ఒక్క మిన్నెసోటాలోనే 49 మంది పోయారు. ఇప్పుడు మనకి శాటిలైట్లు, రాడార్లు ఉన్నాయి, అంత అయోమయం లేదు. కానీ పొద్దున్న హుడీ వేసుకుని బయల్దేరి సాయంత్రం పార్కింగ్‌లో వణుకుతూ నిలబడేవాళ్లని ఏటా చూస్తూనే ఉన్నాను. కనిష్ఠం, గరిష్ఠం రెండూ కాదు, గంటగంటకీ ఎలా మారుతుందో చూడండి. కారులో కోటు, గ్లవ్స్, దుప్పటి అక్టోబర్‌లోనే పడేయండి.

అక్టోబర్‌లో పెద్ద స్నో రాదని కూడా కొందరంటారు. 1991లో అక్టోబర్ 31న మొదలై నవంబర్ 3 దాకా పడిన స్నో మినియాపొలిస్ వైపు 28.4 అంగుళాలు, డులూత్‌లో 36.9 అంగుళాలు.

గొంగళిపురుగు గోధుమరంగు పట్టీ వెడల్పుని బట్టి చలికాలం ఎంత గట్టిగా ఉంటుందో తెలుస్తుందన్న మాట ఇక్కడ ఏటా వాట్సాప్‌లో తిరుగుతుంది. 1948లో అమెరికన్ మ్యూజియం ఆఫ్ నాచురల్ హిస్టరీకి చెందిన సి. హెచ్. కరన్ అనే కీటక శాస్త్రవేత్త కొన్ని పురుగుల్ని కొలిచాక దానికి బాగా ప్రచారం వచ్చింది. ఆ పట్టీ చెప్పేది పురుగు వయసు, అది పెరిగిన తీరు. రాబోయే నెలల గురించి దానికేం తెలియదు. దయచేసి ఫార్వర్డ్ చేయకండి.

మరీ చలిగా ఉంటే స్నో పడదన్నది తప్పు. చల్లటి గాలిలో తేమ తక్కువ కాబట్టి భారీగా పడే అవకాశం తగ్గుతుంది, అంతే. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే భయం లేదన్నది ఇంకా పెద్ద తప్పు. అది బండిని కదిలించడానికి పనికొస్తుంది, ఆపడానికి కాదు. ఉప్పు వేశారు కదా అంటారు. 15 డిగ్రీల కిందకి వెళ్తే మామూలు ఉప్పు సరిగ్గా పనిచేయదు.

అపోహ: వార్నింగ్ అయితేనే పట్టించుకోవాలి

నేషనల్ వెదర్ సర్వీస్ హెచ్చరికల్లో వాచ్ అంటే రావచ్చు, సిద్ధంగా ఉండమని. వార్నింగ్ అంటే వచ్చేసింది లేదా దాదాపు ఖాయం. అడ్వైజరీ అంటే అంత తీవ్రం కాదు గానీ ఇబ్బంది ఖాయం. అడ్వైజరీని "ఏం లేదులే" అని చదువుతారు మనవాళ్లు. వార్నింగ్ రోజు అందరూ ఇంట్లో ఉంటారు, అడ్వైజరీ రోజే అందరూ రోడ్డు మీద ఉంటారు. నా ఫోన్ ఎక్కువ మోగేది ఆ రోజుల్లోనే.

చివరిగా ఇంటి దగ్గర టెన్షన్ పడే అమ్మానాన్నలకి. "అమెరికాలో మంచు తుపాను" అని మీకు వచ్చే వీడియో చాలాసార్లు మీ పిల్లలున్న చోటిది కాదు. 2022 నవంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలో పక్క ఊళ్లలో ఆరడుగులకి పైగా స్నో పడింది. లేక్ ఈరీ అనే సరస్సు మీదుగా సన్నటి పట్టీలా వచ్చే స్నో అది. ఆ పట్టీకి కాస్త అవతల ఉన్నచోట్ల చాలా తక్కువ పడింది. ఆ వీడియో చూసి వందల మైళ్ల దూరంలో మిన్నెసోటాలో ఉన్న కూతురు గురించి నిద్రపోని ఒక అమ్మతో నేను గంటసేపు మాట్లాడాను. మీ భయం నాకు అర్థమవుతుంది, తప్పు మీది కాదు. పిల్లల్ని వాళ్ల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) అడిగి పెట్టుకోండి. నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో అది కొడితే ఆ ఊరి సంగతే కనిపిస్తుంది.

మీరు ఒక్క సాయం చేయగలరు. నవంబర్‌లో ఇక్కడ గడియారాలు మారాక, మీకు సాయంత్రం ఆరైతే ఇక్కడ పొద్దున్న ఆరున్నర. రోడ్డు అన్నిటికంటే చల్లగా ఉండే సమయం అదే. మీ నంబర్ కనిపిస్తే పిల్లలు బండి నడుపుతూ కూడా ఎత్తుతారు. మీకు రాత్రి ఏడున్నర దాటాక చేయండి. చేసినప్పుడు స్నో పడిందా అని కాకుండా, దారిలో బ్రిడ్జిలు ఎన్ని ఉన్నాయని అడగండి.