ఆ మిక్స్ ఎవరిది, ఆ గొంతు ఎవరిది?

నా యూట్యూబ్ ప్లేలిస్టులో బూడిద రంగుకు తిరిగిన గళ్లు పదిహేడున్నాయి. నొక్కితే "ఈ వీడియో అందుబాటులో లేదు" అంటుంది, అంతే. పదిహేడూ రీమిక్సులే. వాటిలో ఒకదాన్ని రాత్రి బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వరసగా నాలుగుసార్లు విన్నట్టు గుర్తు. చేసినవాడి పేరు మాత్రం గుర్తు లేదు. అసలు అప్పుడు చూశానో లేదో కూడా తెలియదు. సినిమా పాట ఎక్కడికీ పోదు, ఎప్పుడు వెతికినా ఉంటుంది. రీమిక్సే ఎందుకిలా ఉన్నట్టుండి మాయమవుతుంది? దొరికినప్పుడు కూడా అది ఎవరిదో చెప్పడం ఎందుకంత కష్టం?

ఈ తంటా ఇంటర్నెట్‌తో మొదలైంది కాదు. దీని మూలం జమైకాలో ఉంది.

1960ల్లో కింగ్‌స్టన్‌లో రికార్డు ప్లేయరు కొనుక్కునే స్తోమత చాలామందికి లేదు. పాట వినాలంటే వీధిలోకి రావాల్సిందే. అక్కడ సౌండ్ సిస్టమ్ వాళ్లు బీరువాలంత స్పీకర్లు తెచ్చి నిలబెట్టి తెల్లారేదాకా పాటలు వేసేవాళ్లు. టాటా ఏస్ మీద బాక్సులు పేర్చుకుని ఊరేగింపులో కదిలే మన డీజే బండిని చూసినవాళ్లకు ఇదేమీ కొత్తగా అనిపించదు. ఒక్కో సిస్టమ్‌కి ఒక్కో పేట అభిమానులు. పక్కవాడి దగ్గర లేని పాట నా దగ్గరుండాలన్న పంతం. ఆ పంతంలో కొందరు రికార్డు మీది లేబుల్ గీకేసేవాళ్లు, పోటీదారుడి మనిషి వచ్చి తొంగి చూసినా పాట పేరు తెలియకుండా. ఇంకొందరు స్టూడియోకి పోయి తమ కోసం ఒకే ఒక్క కాపీ ప్లేటు మీద గాడులుగా గీయించుకునేవాళ్లు.

1960ల చివర్లో రడీ రెడ్‌వుడ్ అనే సౌండ్ సిస్టమ్ యజమాని కోసం ట్రెజర్ ఐల్ స్టూడియోలో ఇలాగే ఒక కాపీ గీస్తూ, ఇంజినీరు గొంతు కలపడం మరిచిపోయాడని చెబుతారు. వేరేవాళ్లయితే పారేసేవాళ్లేమో. రెడ్‌వుడ్ దాన్నే డాన్సుకు పట్టుకెళ్లాడు. ముందు మామూలు పాట వేసి, వెంటనే గొంతు లేనిది వేశాడు. ఆ ఖాళీలో జనమే పాడేశారు. కొన్నేళ్లలోనే జమైకా రికార్డులకు ఒక వైపు పాట, రెండో వైపు గొంతు తీసేసిన "వర్షన్" రావడం మామూలైపోయింది.

దాన్ని కళగా మార్చినవాడు కింగ్ టబ్బీ. అసలు పేరు ఆస్బర్న్ రడాక్. పాటగాడు కాదు, వాయిద్యకారుడూ కాదు. రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసే మెకానిక్. సెకండ్ హ్యాండ్‌లో కొన్న నాలుగు ట్రాకుల మిక్సింగ్ డెస్కు తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. నాలుగు ట్రాకులంటే ఒకే టేపు మీద పక్కపక్కనే నాలుగు దారులు. ఒకదాంట్లో గొంతుంటే, మరోదాంట్లో డ్రమ్స్ ఉంటాయి. టేపు తిరుగుతుండగా టబ్బీ ఒక మీటను కిందికి లాగితే గొంతు టక్కున తెగిపోతుంది. ఆ తెగిన మాట చివరి అక్షరాన్ని ఎకోలోకి వదిలితే అది పాట మీద తిరుగుతూ తిరుగుతూ పలచబడుతుంది. కింద బేస్ ఒక్కటే నడుస్తుంటుంది. దీన్నే డబ్ అన్నారు. పాట రాసినవాడినో పాడినవాడినో కాకుండా, మీటలు కదిపినవాడి పేరు చూసి జనం రికార్డు కొనడం ఇక్కడ మొదలైంది. ఇవాళ మనం వినే ప్రతి రీమిక్సుకూ తాత ఇదేనని నా అభిప్రాయం. ఇల్లు కట్టుకోవడానికి డిస్కో, షికాగో క్లబ్బుల్లో పుట్టిన హౌస్ అంటూ ఎంతమంది వచ్చినా, పునాది గుంత తీసింది మాత్రం ఈ రేడియో మెకానిక్.

కింగ్‌స్టన్ నుంచి 1967లో న్యూయార్క్ వెళ్లిన ఒక కుర్రాడు తర్వాత కూల్ హెర్క్ పేరుతో హిప్-హాప్‌కు ఆద్యుడయ్యాడు. అతను లేబుళ్లను గీకలేదు, నీళ్లలో నానబెట్టి ఊడదీసేవాడు. ఊరు మారినా, దాపరికం మారలేదు.

అదే న్యూయార్క్‌లో 1970ల మొదట్లో టామ్ మౌల్టన్ అనే మోడల్‌కు వేరే చికాకు పట్టుకుంది. న్యూయార్క్ దగ్గరి ఫైర్ ఐలాండ్‌లో డాన్స్ చూస్తుంటే, జనానికి ఊపు వచ్చే సమయానికి మూడు నిమిషాల పాట అయిపోతోంది. తర్వాతి పాట వేరే వేగంలో మొదలవుతోంది, సగం మంది పక్కకు తప్పుకుంటున్నారు. ఇంట్లో కూర్చుని టేపును కత్తిరించి అతికించి, ఎక్కడా ఆగని నలభై అయిదు నిమిషాల టేపు తయారుచేశాడు. అది చూసి రికార్డు కంపెనీలు అతన్ని పిలిచి, అసలు టేపులిచ్చి, పాటలను పొడిగించమన్నాయి. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది: టేపు ఇచ్చింది సొంతదారే. అడిగి చేయించుకున్న పని కాబట్టి దొంగతనం అన్న మాటే రాలేదు.

ఒక్క పాట కోసం వేసే పెద్ద రికార్డు, 12 అంగుళాల సింగిల్, కూడా అతని చేతుల మీదుగానే, అదీ పొరపాటునే పుట్టింది. ఒకరోజు పాట గీయడానికి స్టూడియోలో 7 అంగుళాల ప్లేట్లు అయిపోయాయి. ఇంజినీరు పెద్ద ప్లేటు మీద గీశాడు. అంత పెద్ద ప్లేటు మీద చిన్న పాట ఇరుకుగా ఓ మూల ఉంటే చూడ్డానికి బాగోలేదని గాడుల మధ్య దూరం పెంచాడు. గాడి విశాలమయ్యేసరికి శబ్దం పెద్దదైంది, బేస్ గుండెకు తగిలింది. 1976లో సాల్సోల్ కంపెనీ "టెన్ పర్సెంట్" అనే పాటను వాల్టర్ గిబన్స్ చేత పది నిమిషాల దాకా సాగదీయించి, 12 అంగుళాల సింగిల్‌గా షాపుల్లో పెట్టింది. ఇలా మామూలు జనానికి అమ్మిన సింగిళ్లలో ఇదే మొదటిదంటారు. మెల్లగా లేబుల్ మీద పాడినవాళ్ల పేరు కింద మిక్స్ చేసినవాడి పేరు పడసాగింది. షికాగోలో వేర్‌హౌస్ క్లబ్బులో రికార్డులు వేసిన ఫ్రాంకీ నకల్స్‌కి 1998లో గ్రామీ వాళ్లు రీమిక్సర్లకంటూ పెట్టిన మొదటి అవార్డు వచ్చింది. హౌస్ మ్యూజిక్‌లో ఆ "హౌస్" అన్న మాట ఆ క్లబ్బు పేరులోంచి వచ్చిందేనంటారు.

అడిగి చేస్తే ఏమవుతుందో, అడక్కుండా చేస్తే ఏమవుతుందో చెప్పే రెండు పాటలున్నాయి.

"మిస్సింగ్" అనే పాట 1994లో వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. టాడ్ టెరీ అనే అమెరికన్ డీజే దాని కింద హౌస్ బీటు పెట్టాడు. అదే గొంతు, అదే దిగులు, కింద మాత్రం కాళ్లు కదిలించే దెబ్బ. 1996లో అది అమెరికా చార్టులో రెండో స్థానానికి వెళ్లింది. ఇది అడిగి చేయించుకున్నది.

రెండోది ఇంకా తమాషా. అమెరికన్ గాయని సుజాన్ వేగా "టామ్స్ డైనర్" అనే పాటను 1987 ఆల్బమ్‌లో ఏ వాయిద్యమూ లేకుండా ఒట్టి గొంతుతో పాడింది. 1990లో డీఎన్‌ఏ అనే ఇద్దరు బ్రిటిష్ కుర్రాళ్లు ఎవరినీ అడక్కుండా ఆ గొంతు కింద డాన్స్ బీటు పరిచి, పేరూ ఊరూ లేని తెల్ల లేబుల్‌తో కొన్ని రికార్డులు కొట్టించారు. క్లబ్బుల్లో మోగిపోయింది. కంపెనీ కేసు వెయ్యొచ్చు. వెయ్యలేదు. ఆ మిక్సును కొనుక్కుని అధికారికంగా విడుదల చేసింది, బ్రిటన్‌లో రెండో స్థానానికి వెళ్లింది. కథ అక్కడితో ఆగలేదు. జర్మనీలో ఎంపీ3 మీద పనిచేస్తున్న కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, ఒట్టి గొంతును చెడగొట్టకుండా కుదించగలమా అని పరీక్షించడానికి వాడింది కూడా ఆవిడ పాడిన ఆ వాయిద్యం లేని పాటనే. ముందు ముందు రీమిక్సులన్నీ ఊళ్లు తిరిగిన బండిని పరీక్షకు నడిపింది ఆ గొంతే అన్నమాట.

అందరికీ ఆ అదృష్టం పట్టలేదు. 2004లో డేంజర్ మౌస్ అనే అతను ర్యాపర్ జే-జీ గొంతును బీటిల్స్ సంగీతంతో కలిపి చేసిన ఆల్బమ్‌ను ఆపమని బీటిల్స్ రికార్డుల కంపెనీ ఈఎంఐ నోటీసు పంపింది. అదే ఏడాది ఫిబ్రవరి 24న చాలా వెబ్‌సైట్లు నిరసనగా ఆ పాటలన్నిటినీ ఒకేసారి ఉచితంగా పెట్టేశాయి.

మన దేశానికొస్తే, రీమిక్స్ అన్న మాట వచ్చింది గానీ అర్థం దారిలో మారిపోయింది. ఒక పాటకు చట్టం దృష్టిలో రెండు ఆస్తులుంటాయి. మాటలూ బాణీ ఒక ఆస్తి, వాటిని పాడి పట్టిన రికార్డింగు వేరే ఆస్తి. 1957 కాపీరైట్ చట్టంలో ఒక వెసులుబాటు ఉండేది: పాట ఒకసారి రికార్డయ్యాక, నోటీసిచ్చి, రాయల్టీ కడితే ఎవరైనా దాన్ని మళ్లీ పాడించి అమ్ముకోవచ్చు. అసలు రికార్డింగు ముక్క మాత్రం ముట్టుకోకూడదు. క్యాసెట్ల కాలంలో టీ-సిరీస్ లాంటి కంపెనీలు ఈ సందులోంచే దూరి, హెచ్‌ఎంవీ పాత పాటలను కొత్త గొంతులతో పాడించి చవగ్గా అమ్మాయి. 1994లో బర్మింగ్‌హామ్ నుంచి బల్లీ సాగూ హిందీ పాటలకు డాన్స్ బీటు తొడిగాడు. 2002లో వచ్చిన "కాంటా లగా" రీమిక్సు గుర్తుందిగా? 1972 నాటి లతా పాట. గొంతు ఆవిడది కాదు. చట్టపరంగా అది కవర్ వర్షన్, మనం రీమిక్స్ అన్నాం. కింగ్‌స్టన్ వాడు గొంతు ఉంచి చుట్టూ ఉన్నది మార్చాడు, అవసరమైతే గొంతే తీసేశాడు. మనవాళ్లు గొంతే మార్చేశారు.

పాత తరం సంగీతకారులకు ఇది మండింది. 2012 సవరణలో 31-సి సెక్షన్ వచ్చింది. ఇప్పుడు పాట మొదట రికార్డయిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి. ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలి. మాటల్లో, బాణీలో అనుమతి లేకుండా మార్పులు చేయకూడదు. పైగా కవర్ మీద ఇది కవర్ వర్షన్ అని రాయాలి, పాత గాయకుల పేరు గానీ బొమ్మ గానీ వేయకూడదు. చివరికి చట్టం కూడా లేబుల్ దగ్గరికే వచ్చింది చూడండి.

తెలుగు సినిమాల్లో కూడా జరిగింది ఇదే. "గ్యాంగ్ లీడర్"లోని "వాన వాన వెల్లువాయె" 2012లో "రచ్చ"లోకి, "కొండవీటి దొంగ"లోని "శుభలేఖ రాసుకున్నా" 2013లో "నాయక్"లోకి కొత్త గొంతులతో వచ్చాయి. హాల్లో ఈలలు పడ్డాయి. నాకైతే రెండుసార్లూ ఇంటికొచ్చి పాతవే వినాలనిపించింది.

మన ఊళ్లలో అసలైన రీమిక్సు సినిమాల బయట పెరిగింది. సెల్‌ఫోన్ షాపులో మెమొరీ కార్డు ఇస్తే ఇరవై రూపాయలకో ముప్పై రూపాయలకో నింపి ఇచ్చే రోజుల్లో "డీజే సాంగ్స్" అని ఒక ఫోల్డర్ విడిగా ఉండేది. ఫైలు పేర్లు రైలు పెట్టెల్లా సాగేవి: పాట పేరు, తర్వాత "తీన్‌మార్ మిక్స్" అనో "చాటల్ బ్యాండ్ మిక్స్" అనో "రోడ్ షో మిక్స్" అనో, ఆ వెనక డీజే పేరు. జానపదం దొరికినా, సినిమా పాట దొరికినా, కింద ముందే రికార్డు చేసి పెట్టుకున్న డప్పు ముక్కలు, కిక్ డ్రమ్ దెబ్బ, బేస్. ఎవరినీ అడిగింది లేదు, ఎవరూ ఇచ్చింది లేదు. కింగ్‌స్టన్ వీధి లాగే ఇదీ పెళ్లి బరాత్ కోసం, బోనాల కోసం, నిమజ్జనం కోసం పుట్టిన సంగీతం. ఇంట్లో ఫోన్ స్పీకర్లో వింటే అందులో సగం వినపడదు.

తర్వాత రెండు యంత్రాలు వచ్చాయి, ఒకటి పట్టుకునేది, ఒకటి పంచేది. 2007లో యూట్యూబ్ తెచ్చిన కంటెంట్ ఐడీ, ఎక్కించిన ప్రతి వీడియోలోని శబ్దాన్ని సొంతదారులిచ్చిన పాటల వేలిముద్రలతో పోల్చి చూస్తుంది. కలిస్తే నిర్ణయం సొంతదారుడిది: ఆపేయొచ్చు, లేదా ఉండనిచ్చి ప్రకటనల డబ్బు తాను తీసుకోవచ్చు. నా పదిహేడు గళ్లలో కనీసం కొన్నయినా ఇలా పోయినవే అయ్యుండాలి. రెండోది 2019లో డీజర్ అనే మ్యూజిక్ స్ట్రీమింగ్ కంపెనీ ఉచితంగా వదిలిన స్ప్లీటర్ అనే సాఫ్ట్‌వేర్. పూర్తయిన పాటను ఇస్తే గొంతు, డ్రమ్స్, బేస్ అంటూ విడదీసి ఇస్తుంది. టబ్బీ దగ్గర నాలుగు ట్రాకుల టేపు ఉండబట్టి గొంతు తీయగలిగాడు. మౌల్టన్‌కి కంపెనీ ఇస్తేనే టేపు. ఇప్పుడు డిగ్రీ చదివే కుర్రాడు హాస్టల్ గదిలో, టీ చల్లారేలోపు గొంతు విడదీస్తాడు. టేపు చేతిలో ఉన్నవాడిదే మాట అన్న పాత కట్టడి అలా పోయింది.

డీజే పాటల్లో ప్రతి నిమిషానికీ అడ్డం పడి "డీజే ఫలానా ఫ్రమ్ ఫలానా ఊరు" అని అరిచే గొంతంటే నాకు చాలాకాలం ఒళ్లుమంట. మంచి చోట పాట ఆపి వీడెవడు మధ్యలో అనుకునేవాణ్ని. హెర్క్ నీళ్లలో నానబెట్టిన లేబుళ్ల గురించి చదివాక ఆ అరుపు వేరేగా వినపడింది. ఫైలు పేరు ఎవడైనా మార్చేస్తాడు, వాట్సాప్‌లో పడితే అదీ ఉండదు. పాటలోనే గుచ్చేసిన పేరు ఒక్కటే ఊడదు.

మొన్న చుట్టాల పెళ్లిలో, బరాత్ మొదలయ్యేలోపు, డీజే అబ్బాయి పక్కన నిలబడ్డాను. ఒక జానపదం మిక్సు బాగా నచ్చి, పాడిందెవరని అడిగాను. పెద్దావిడ గొంతు, కాస్త బొంగురు, చరణం చివర కొంచెం కిందికి జారుతుంది. "తెల్వదన్నా, ఎవరో స్టేటస్‌లో పెడితే తీసుకున్న. మిక్స్ మాత్రం నాదే" అంటూ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు. తెరమీద రంగురంగుల గీతలు వరసగా ఉన్నాయి. ప్రతి ట్రాకుకూ పేరు పెట్టుకున్నాడు: కిక్, డప్పు, చాటల్, బేస్, తన పేరు అరిచే ట్యాగ్. అన్నిటికంటే పైన, గొంతున్న గీత పక్కన, "లేడీ వోకల్ 2" అని ఉంది.