0.95 గీత దగ్గర గొడవ: రేడియో గెలాక్సీల్ని రెండు గుంపులు చేసిన లెక్క వెనక కథ

రేడియో గెలాక్సీల్లో (నడిమి బ్లాక్ హోల్ నుంచి తన్నుకొచ్చే జెట్ల వల్ల రేడియో తరంగాల్లో బాగా వెలిగే గెలాక్సీల్లో) నిజంగానే రెండు రకాలున్నాయా, లేక ఉన్నది ఒకటే రకం అందులో హెచ్చుతగ్గులేనా అన్న పాత గొడవ మళ్లీ పైకొచ్చింది. లోఫార్, మీర్‌క్యాట్ లాంటి రేడియో టెలిస్కోపులు ఇదివరకు కంటికి ఆనని సోర్సుల్ని కుప్పలుగా పోస్తున్నాయి, వాటికి ఆప్టికల్ స్పెక్ట్రాలు, అంటే మామూలు కాంతిని రంగులవారీగా విడదీసిన పట్టీలు, జతచేసి చూస్తే హై ఎక్సైటేషన్ (నడిమి గ్యాస్ గట్టిగా ఉత్తేజమైనవి), లో ఎక్సైటేషన్ (తక్కువగా ఉత్తేజమైనవి) అని మనం వేరుచేసి పెట్టుకున్న రెండు గుంపులూ ఒకదాంట్లోకి ఒకటి చొరబడుతున్నాయని కొందరి వాదన. కాదు, గీత గట్టిదే, మీరు కొలిచే పద్ధతే వదులుగా ఉందని ఇంకొందరు. ఇంతకీ ఆ గీత ఎవరు గీశారు, ఏం చూసి గీశారు అనేది తెలియకపోతే ఈ వాదన సగమే అర్థమవుతుంది.

బ్లాక్ హోల్, జెట్ల కథ అందరికీ తెలిసిందే, వదిలేస్తున్నా. 1974లో ఫనరాఫ్, రైలీ చేసిన ఎఫ్ఆర్-1 (నడిమి దగ్గర ఎక్కువ వెలిగేవి), ఎఫ్ఆర్-2 (చివర్ల దగ్గర ఎక్కువ వెలిగేవి) విభజన కూడా ఇక్కడ పక్కన పెట్టాలి, అది రేడియో మ్యాపులో ఆకారం చూసి చేసింది, ఇప్పటి గొడవేమో గెలాక్సీ నడిబొడ్డు నుంచి వచ్చే మామూలు కాంతి గురించి. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, సగం గందరగోళం అక్కడే.

స్పెక్ట్రమ్ చూసి విడదీయడం 1979లో హైన్, లాంగెయిర్ మొదలెట్టారు: 3సీఆర్ అనే రేడియో సోర్సుల కేటలాగులో ఎమిషన్ లైన్లు (వెలిగే గ్యాస్ వల్ల స్పెక్ట్రమ్‌లో లేచే శిఖరాలు) బలంగా ఉన్నవి ఏ, లేనివి బి. 1994లో లేంగ్ బృందం ఓ-త్రీ అనే ఆక్సిజన్ లైన్ బలం ఇంత ఉండాలని, హెచ్-ఆల్ఫా అనే హైడ్రోజన్ లైన్‌తో నిష్పత్తి 0.2 దాటాలని పెట్టింది, 1997లో జాక్సన్, రాలింగ్స్ ఓ-త్రీ బలానికి 10 ఆంగ్‌స్ట్రామ్‌ల (కాంతి తరంగాల పొడవు కొలిచే చిన్న యూనిట్) దగ్గర ఇంకో గీత పెట్టారు. ఎవరి గీత వాళ్లది. పైగా లైన్ బలాన్ని వెనకున్న నక్షత్రాల వెలుగుతో పోల్చి కొలిస్తే ఒక చిక్కుంది, గెలాక్సీ పెద్దదై నక్షత్రాలు ఎక్కువుంటే అదే లైన్ బలహీనంగా కనిపిస్తుంది. అంటే ఇంజన్‌ని, అదే నడిమి బ్లాక్ హోల్‌ని, కొలుస్తున్నామనుకుంటూ ఇంటి సైజు కొలుస్తున్నట్టు.

నా లెక్కలో అసలు మలుపు 2009, 2010. బుట్టిల్యోనె, కపెట్టి, వాళ్లతో ఉన్నవాళ్లు లా పాల్మా దీవి మీదున్న 3.58 మీటర్ల గెలీలియో టెలిస్కోపుతో 3సీఆర్‌లో రెడ్‌షిఫ్ట్ (దూరాన్ని తెలిపే కొలత) 0.3 లోపున్న 113 సోర్సుల మీద కూర్చున్నారు, అందులో 92 శాతానికి ఒకే తీరు స్పెక్ట్రా చేతికొచ్చింది. అందరూ చివర్లో వచ్చిన గ్రాఫ్ గురించే చెప్తారు గానీ, నాకు మాత్రం అంతకుముందు జరిగిన చాకిరీయే ముఖ్యం. 4861 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర హెచ్-బీటా అనే హైడ్రోజన్ లైన్ ఉంటుంది, ఈ గెలాక్సీల్లో ఎక్కువగా ఉండే ముసలి నక్షత్రాలు సరిగ్గా అక్కడే వెలుగుని మింగేసి ఒక గుంట చేస్తాయి, గ్యాస్ నుంచి వచ్చే చిన్న శిఖరం ఆ గుంటలోనే మునిగిపోతుంది. గుంట పూడ్చకుండా కొలిస్తే హెచ్-బీటా ఉన్నదానికన్నా తక్కువొస్తుంది, దాంతో భాగించిన ఓ-త్రీ నిష్పత్తి పెరిగిపోతుంది, లో ఎక్సైటేషన్ గెలాక్సీ కాస్తా హై లాగా వేషం వేస్తుంది. వీళ్లు నక్షత్రాల కాంతికి మోడల్ కట్టి, దాన్ని తీసేసి, అప్పుడు మిగిలిన శిఖరాల్ని కొలిచారు. హెచ్-ఆల్ఫా పక్కన 6548, 6584 దగ్గర నైట్రోజన్ లైన్లు రెండు అతుక్కుని ఉంటాయి కాబట్టి వాటిని విడదీయడానికి ఎరుపు వైపు ఇంకా పదునైన స్పెక్ట్రమ్ విడిగా తీశారు.

ఆ తర్వాత ఆరు లైన్లు కలిపి ఒకే అంకె చేశారు, ఎక్సైటేషన్ ఇండెక్స్ అని. ఓ-త్రీని హెచ్-బీటాతో భాగించి లాగ్ తీసుకోవాలి, అందులోంచి నైట్రోజన్, సల్ఫర్, ఓ-వన్ లైన్లని హెచ్-ఆల్ఫాతో భాగించిన మూడు లాగ్‌ల సగటు తీసేయాలి. భాగించే జతలన్నీ స్పెక్ట్రమ్‌లో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ధూళి అడ్డొచ్చినా పెద్దగా తేడా రాదు. ఈ అంకెతో హిస్టోగ్రామ్ గీస్తే రెండు గుట్టలు, మధ్యలో ఒక పల్లం, పల్లం 0.95 దగ్గర. గీత వాళ్లు పెట్టలేదు, డేటాలోంచి లేచింది, తేడా అంతా ఇక్కడే ఉంది. పైగా వెడల్పాటి లైన్లున్నవన్నీ హై వైపే పడ్డాయి, హై వాటిలో ఎఫ్ఆర్-1 లేదు, రేడియో పవర్ సమానంగా ఉన్నా లో వాటి ఓ-త్రీ దాదాపు పదో వంతే. రేడియో ఆకారానికీ ఇంజన్‌కీ ఒకటికి ఒకటి సరిపోదని కూడా తేలిపోయింది, ఎందుకంటే లో గుంపులో ఎఫ్ఆర్-1, ఎఫ్ఆర్-2 రెండూ ఉన్నాయి.

ఇక విమర్శ. 3సీఆర్ అనేది 1962 నాటి లిస్టు, 178 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశంలో బాగా వెలిగేవే ఉన్నాయి, అలాంటి ఎంపికలో పల్లం కనిపించినంత మాత్రాన అందరికీ వర్తించదంటారు. నిజమే, కానీ ఆ ఫ్రీక్వెన్సీలో లోబ్‌ల (జెట్లు ఊదిన పెద్ద రేడియో మబ్బుల) వెలుగే ఎక్కువ, జెట్ మనవైపు తిరిగిందా లేదా అన్న పక్షపాతం అందులో తక్కువ, ఈ మాట విమర్శించేవాళ్లు తొందరలో దాటేస్తారు.

2012లో బెస్ట్, హెక్‌మన్ ఇదే ఇండెక్స్‌ని స్లోన్ అనే ఆకాశ సర్వేలోని 18,286 రేడియో సోర్సుల మీదికి తీసుకెళ్లారు. అయితే అన్నిట్లో ఆరు లైన్లు దొరకవు కాబట్టి దొరికిన చోట ఇండెక్స్, లేకపోతే తక్కువ లైన్లతో ఇంకో పరీక్ష, అదీ కాకపోతే ఓ-త్రీ బలం 5 ఆంగ్‌స్ట్రామ్‌లు దాటిందా లేదా అని మెట్లు దిగుతూ పోయారు. బ్లాక్ హోల్ మింగే రేటు ఎడింగ్టన్ హద్దులో (ఆ బరువున్న బ్లాక్ హోల్ మింగగల గరిష్ఠ రేటులో) 1 శాతం కన్నా బాగా తక్కువైతే లో, 1 నుంచి 10 శాతం మధ్యైతే హై అని తేలింది. సిమ్యులేషన్లు చేసేవాళ్లకి ఇది బాగా నచ్చింది, వేడి గ్యాస్ మీద నెమ్మదిగా బతికేది ఒకటి, చల్లని గ్యాస్ మీద జోరుగా తినేది ఒకటి అని అందరూ రాసుకుపోయారు.

విటమ్ బృందం 2018లో వీఎల్ఏ రేడియో టెలిస్కోపు డేటాతో, 2022లో మీర్‌క్యాట్ మైటీ సర్వేతో ఆ మింగే రేట్లు రెండు గుంపుల్లో బాగా కలిసిపోతున్నాయని చూపించింది. పని మంచిదే, కాదనను. కానీ కలిసిపోయింది మింగే రేటు, ఎక్సైటేషన్ ఇండెక్స్ కాదు. ఆ రేటు కట్టాలంటే ఓ-త్రీ వెలుగుని 3,500 లాంటి గుణకంతో పెంచాలి, రేడియో వెలుగు నుంచి జెట్ పవర్‌ని ఊహించాలి, దాంట్లోనే కొన్ని రెట్లు అటూ ఇటూ ఉంటుంది, బ్లాక్ హోల్ బరువు ఇంకో అంచనా. ఇన్ని అంచనాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఎంత లోతు పల్లమైనా పూడిపోతుంది. పైగా మసక సోర్సుల్లో లైన్ దొరక్కపోతే లో గుంపులో వేసేస్తారు, లైన్ లేకపోవడం వేరు, మనకి కనపడకపోవడం వేరు.

3సీఆర్‌లోనే ఇంకో ఇబ్బంది ఉంది, దాని గురించి రెండు వైపులా ఎవరూ గట్టిగా మాట్లాడరు. హెర్క్యులీస్ ఏతో కలిపి మూడు గెలాక్సీల్లో ఓ-త్రీ హెచ్-బీటా కన్నా తక్కువుంది, అవి రెండు గుట్టల్లో దేనికీ చెందవు. కపెట్టి వాళ్లు చెప్పిన కారణం ఏంటంటే వీటిలో ఇంజన్ ఈమధ్యే ఆగి ఉండొచ్చు, ఓ-త్రీ ఇచ్చే ఆక్సిజన్ అయాన్లు హైడ్రోజన్ కన్నా చాలా త్వరగా మాయమవుతాయి, లోబ్‌లు మాత్రం లక్షల కాంతి సంవత్సరాల పొడవున ఇంకా వెలుగుతూనే ఉంటాయి. అదే నిజమైతే ఆ మూడూ ఒకప్పుడు హై గుంపులోవి, మనం చూసే టైమ్‌కి గీత దాటి పోతున్నవి.