కిటాక్యూషు: పొగ నగరంపై అపోహలు - వాస్తవాలు

ఉక్కు కర్మాగారాల్లో కాలుష్య నియంత్రణ నా పని. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ముఖ్యమంత్రి బృందం, ఒకప్పుడు ఫ్యాక్టరీల పొగలో మునిగి తర్వాత బాగుపడ్డ జపాన్ నగరం కిటాక్యూషు వెళ్లొచ్చాక ఆ ఊరి గురించి నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అడిగేదాంట్లో సగం అపోహలే.

అపోహ: ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, అందుకే గాలి బాగుపడింది.

వాస్తవం: ఈ ఊళ్లోని యవాటా ప్రాంతంలో 1901లో వెలిగించిన బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుప ఖనిజం కరిగించే పెద్ద కొలిమి) ఇప్పుడు స్మారకమే. కానీ పక్కనున్న టొబాటాలో నిప్పాన్ స్టీల్ ఇంకా ఉక్కు తీస్తూనే ఉంది. రోబోలు చేసే యస్కావా, బాత్రూం సామాన్ల టోటో రెండింటి ప్రధాన కార్యాలయాలూ ఈ ఊళ్లోనే.

అపోహ: జపాన్‌వాళ్లకు క్రమశిక్షణ ఎక్కువ. సర్కారు చెప్పింది, జనం విన్నారు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు అక్కడివాళ్లు 'ఏడు రంగుల పొగ' అని మురిసిపోయేవాళ్లు. పొగ వస్తోందంటే జీతం వస్తోందని లెక్క. 1965లో షిరోయామా ప్రాంతంలో చదరపు కిలోమీటరుకు నెలలో 108 టన్నుల దాకా దుమ్ము రాలింది. మరుసటేడు డోకాయ్ అఖాతంలో నీటిని పరీక్షిస్తే ఆక్సిజన్ సున్నా. ముందుగా గొంతెత్తింది టొబాటా ఆడవాళ్లు. చాలామంది భర్తలు అవే ఫ్యాక్టరీల్లో ఉద్యోగులు, కాబట్టి ఊరికే అరిస్తే ఇంట్లోనే గొడవ. అందుకని బయట గుడ్డలు ఆరేసి ఎంత మసి పట్టిందో చూశారు. బడికి రాని పిల్లల లెక్కను దుమ్ము లెక్కతో పోల్చారు. 1965లో సొంతంగా డాక్యుమెంటరీ కూడా తీశారు. నగరపాలిక కంపెనీలతో ఒప్పందాలు రాయించుకున్నది ఆ తర్వాతే.

అపోహ: చిమ్నీకి మంచి ఫిల్టర్ బిగిస్తే సరి.

వాస్తవం: ఫిల్టర్ చివరి మెట్టు. అసలు పని లోపల, ఇంధనం దగ్గరా ప్రక్రియ దగ్గరా జరగాలి. ఉక్కు తయారీకి బొగ్గును కాల్చి చేసే ఇంధనం, కోక్ సంగతే చూడండి. బట్టీలోంచి సుమారు వెయ్యి డిగ్రీల వేడితో ఎర్రగా బయటపడుతుంది. నీళ్లు కొడితే దుమ్ముతో కలిసిన ఆవిరి మబ్బులా లేస్తుంది, వేడంతా గాలిపాలు. మూసిన గదిలో నత్రజనితో చల్లారిస్తే ఆ వేడి బాయిలర్‌కెక్కి కరెంటవుతుంది. జపాన్ ఈ పద్ధతిని 1970ల్లో సోవియట్‌వాళ్ల దగ్గర తీసుకుంది. మన విశాఖ ఉక్కులోనూ ఇదే పద్ధతి. దుమ్ము తగ్గించమంటే ముఖం చిట్లించే మేనేజర్ కూడా కరెంటు బిల్లు తగ్గుతుందంటే కుర్చీ ముందుకు లాక్కుంటాడు.

పాత పాపం మాత్రం ఏ ఫిల్టరుకూ పోదు. 1970ల్లో డోకాయ్ అఖాతం అడుగునుంచి పాదరసం కలిసిన బురదను సుమారు 3.5 లక్షల ఘనపు మీటర్లు తోడారు. ఖర్చులో పెద్ద వాటా కంపెనీలదే.

అపోహ: ఆ ఊరికిక కష్టాల్లేవు.

వాస్తవం: 1979లో పది లక్షలు దాటి ఉన్న జనాభా ఇప్పుడు తొమ్మిది లక్షలకు అటూ ఇటూ.

అపోహ: అక్కడి ఎకో టౌన్ (రీసైక్లింగ్ ఫ్యాక్టరీల వాడ) యంత్రాలు తెచ్చుకుంటే మన చెత్త సమస్య తీరిపోతుంది.

వాస్తవం: కిటాక్యూషు ఎకో టౌన్‌కు 1997లో అనుమతి వచ్చింది. ప్యాకింగ్ చెత్త రీసైక్లింగ్ చట్టం అప్పుడే అమల్లోకి వస్తోంది. 2001 నుంచి పాత టీవీలు, ఫ్రిజ్‌ల చట్టం. ఇళ్లలో వేరుచేసిన సీసాలు, కంపెనీలు వెనక్కి తీసుకోక తప్పని ఫ్రిజ్‌లు అక్కడి షెడ్లకు చేరేది ఈ చట్టాల వల్లే. తడి చెత్త, పొడి చెత్త కలిపేసి పంపితే ఎంత ఖరీదైన యంత్రమైనా ముందు ఏరే మనిషినే అడుగుతుంది.