సింథసైజర్ వస్తే బ్లూస్ పోయినట్టేనా? అపోహలు – వాస్తవాలు

హనుమకొండలో పెళ్లి ఆర్కెస్ట్రాలకు కీబోర్డు వాయిస్తూ, సాయంత్రం పూట పిల్లలకు నేర్పుతూ ఉంటాను. గిటారు మీద ఇష్టంతో వచ్చే కుర్రవాళ్లు అమెరికా రాక్ బృందం జెడ్‌జెడ్ టాప్ గురించీ, అది వాయించే బ్లూస్ (అమెరికా నల్లజాతివారి నుంచి పుట్టిన సంగీతం) గురించీ చెప్పే కొన్ని మాటలను సరిచేయవలసి ఉంది.

అపోహ: ఆ బృందం 1983లో ఉన్నట్టుండి బ్లూస్‌ను వదిలి యంత్రాలను పట్టుకుంది.

వాస్తవం: హ్యూస్టన్‌లో 1969లో మొదలైన ఈ బృందం 1981 నాటి ‘ఎల్ లోకో’ ఆల్బమ్‌లోనే సింథసైజర్‌ను (విద్యుత్తుతో స్వరాలు పుట్టించే వాద్యాన్ని) వాడి చూసింది. 1983లో ‘ఎలిమినేటర్’ ఆల్బమ్‌కు వచ్చేసరికి సీక్వెన్సర్ (ముందే ఎక్కించిన స్వరాలను దానంతటదే వాయించే యంత్రం), డ్రమ్ మెషీన్ తోడయ్యాయి. అయినా ఆ బృందపు గిటారిస్టు బిల్లీ గిబ్బన్స్ గిటారు వెనక్కి తగ్గలేదు. 1985 నాటి ‘ఆఫ్టర్‌బర్నర్’లో మాత్రం సింథసైజర్ వాటా మితిమీరిందని నా అభిప్రాయం.

అపోహ: కీబోర్డు మెట్ల మీద బ్లూస్ స్వరం పలకదు.

వాస్తవం: బ్లూస్ ప్రాణమంతా ‘గ’ స్వరపు రెండు రూపాలైన సాధారణ గాంధారానికీ, దాని పై మెట్టైన అంతర గాంధారానికీ నడుమ ఉండే ఒక స్థానంలో ఉంటుంది, గిటారు వాయించేవారు తీగను వేలితో పక్కకు నెట్టి అక్కడికి చేరుకుంటారు. కీబోర్డుకు ఎడమ పక్కనుండే బెండర్ (స్వరాన్ని పైకీ కిందికీ వంచే మీట) కూడా ఇదే పని చేస్తుంది. చాలా కీబోర్డులలో దాన్ని పూర్తిగా నెడితే స్వరం రెండు మెట్లు పైకి పోతుంది కనుక, కుడిచేత్తో సాధారణ గాంధారాన్ని నొక్కి, ఒక్క క్షణం నిలిపి, ఎడమ బొటనవేలితో బెండర్‌ను పావు వంతు నెడితే ఆ నడిమి స్థానం పలుకుతుంది. సినిమా పాటల్లో గమకాలకు మేము వాడేదీ ఈ బెండరే. అయితే గిటారులో ఒక తీగను వంచుతూ పక్క తీగను కదలకుండా ఉంచవచ్చు. మామూలు కీబోర్డులో మాత్రం నొక్కిన స్వరాలన్నీ కలిసే వంగుతాయి.

అపోహ: డ్రమ్ మెషీన్ ఉంటే లయ గురించి చింత లేదు.

వాస్తవం: బ్లూస్‌లో షఫుల్ నడక అంటే ఒక్కో దెబ్బను మూడు భాగాలు చేసి, మొదటిదీ మూడోదీ మాత్రమే వాయించడం, తిశ్రగతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. మంచి డ్రమ్మర్ ఆ మూడో భాగాన్ని పాటను బట్టి రవ్వంత ఆలస్యంగా వేస్తాడు, యంత్రం మాత్రం ప్రతిసారీ ఒకేచోట వేస్తుంది. ములుగు రోడ్డులోని ఒక ఫంక్షన్ హాలులో నేను షఫుల్‌ను ముందే ప్రోగ్రామ్ చేసి వదిలితే, మా బృందంలో ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించే తమ్ముడు తన అలవాటు ప్రకారం వెనక్కి లాగాడు. రెండు దెబ్బలు విడివిడిగా వినిపించి, పాటను మధ్యలో ఆపి మళ్లీ ఎత్తుకోవలసి వచ్చింది. ‘ఎలిమినేటర్’లో ప్రసిద్ధి పొందిన పాటలు షఫుల్‌లో కాక సూటి నడకలో (దెబ్బను సమభాగాలుగా చేసే నడకలో) సాగుతాయి, యంత్రానికి నప్పేదీ ఆ నడకే. అప్పటినుంచి సూటి నడక పాటలకే సీక్వెన్సర్ పెడుతున్నాను, షఫుల్ వచ్చినప్పుడు లయను ఆ తమ్ముడికే వదిలేస్తున్నాను.