బేర్, భారం: ఒకే వేరు

చిరంజీవులకు,

ఇంగ్లిష్‌లో బేర్ అంటే మోయడం, ఓర్చుకోవడం, బిడ్డను కనడం. ఇంగ్లిష్, జర్మన్, స్వీడిష్ వంటి భాషలకు తల్లి అయిన ప్రోటో జర్మానిక్‌లో దాని పూర్వరూపం *బెరనఁ. చివరి అచ్చును ముక్కుతో పలకాలి, అందుకే అరసున్న పెట్టాను. ముందున్న చుక్కగుర్తు మరీ ముఖ్యం. ఆ మాట ఎక్కడా రాసి దొరకలేదు, పిల్ల భాషలను పోల్చి కట్టింది అని దాని అర్థం. పోలికకు సాక్ష్యాలు గట్టివే. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ గోథిక్‌లోకి (గోథులనే జర్మానిక్ జాతి భాష) చేసిన బైబిల్ అనువాదంలోనూ, పాత ఇంగ్లిష్‌లోనూ, పాత హై జర్మన్‌లోనూ పలుకు బెరన్. స్కాండినేవియా పాత భాష అయిన పాత నార్స్‌లో చివరి నకారం రాలిపోయి బెర.

ప్రోటో జర్మానిక్‌లో ఈ క్రియ అందమంతా లోపలి అచ్చులో ఉంది. మోస్తున్నప్పుడు బెర్. ఒకరు మోశారంటే బర్, పలువురు మోశారంటే బేర్. మోయబడినదానికి, పుట్టినదానికి బుర్. ఒక్కో మెట్టు నుంచి పేర్లు కూడా పుట్టాయి. బర్ నుంచి స్వీడిష్ బార్న్, అంటే బిడ్డ. బేర్ నుంచి ఇంగ్లిష్ బియర్, అంటే పాడె (తాగే బీరుతో దీనికి చుట్టరికం లేదు). బుర్ నుంచి బర్త్, బర్డెన్. పుట్టుకా, బరువూ, పాడే ఒక్క క్రియలోంచే వచ్చాయి చూడండి!

ఇంకా వెనక్కి వెళ్తే సంస్కృతం, గ్రీకు, లాటిన్, జర్మానిక్ భాషలన్నిటికీ తల్లి అయిన ఇండో యూరోపియన్‌లో మూలం *భెర్. జర్మానిక్‌లో భకారం ఒత్తు పోగొట్టుకుని బ అయింది. సంస్కృతంలో ఒత్తు నిలిచింది కానీ ఎకారం అకారమైంది: భరతి. గ్రీకులో, లాటిన్‌లో ఫెరో. ఒక్క జత కలిసిందని చుట్టరికం ఒప్పుకోకండి, అదే మార్పు వేరే మాటల్లోనూ కనబడాలి. భ్రాతృ, బ్రదర్. భ్రూ, బ్రౌ. ఇలా వరసగా కలిస్తేనే నమ్మాలి. జర్మన్ భాషా పండితుడు యాకబ్ గ్రిమ్ 1822లో ఇలాంటి మార్పులను సూత్రంగా కూర్చాడు.

మన భారం, భరించు, భర్త, భార్య సంస్కృతం ద్వారా వచ్చినవి. మన సొంత క్రియ మోయు, అది ద్రావిడం.

తరచూ జరిగే పొరపాట్లు రెండు. బేర్ సంస్కృతం నుంచి పుట్టిందంటారు. కాదు, భరతీ బెరనఁ తోబుట్టువులు, ఒకదానికొకటి తల్లి కాదు. రెండోది, ఎలుగుబంటిని కూడా ఇదే బేర్ అనుకోవడం. పాత ఇంగ్లిష్‌లో ఎలుగుబంటి బెర, మోయడం బెరన్. వేర్లు వేరు, చివరి అక్షరాలు అరిగిపోయి ఇప్పుడు రెండూ ఒకేలా వినబడుతున్నాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య