రాతి ఇంటికి చెమ్మ పడితే సిమెంట్ జోలికి పోవద్దు

ఇంగ్లండులోని కోట్స్‌వోల్డ్స్ పల్లెల్లో పాత రాతి ఇళ్లు బాగుచేయించడం నా పని. వారం తిరిగేసరికి ఇదే ఫోను: "గోడ చెమ్మెక్కింది. నేలలోంచి నీళ్లు లాగుతోందట. గోడకి కెమికల్ ఇంజెక్షన్ ఇచ్చి సిమెంట్ కొట్టాలని కాంట్రాక్టర్లు అంటున్నారు. ఇల్లు ఉంటుందా?" ఉంటుంది. టెన్షన్ పడకండి, కొటేషన్ మీద సంతకం మాత్రం పెట్టకండి.

అపోహ: సిమెంట్ కొడితే చెమ్మ ఆగుతుంది.

వాస్తవం: నేను చూసినంతలో జనం డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. మూడు వందల ఏళ్ల నాటి ఆ గోడ అడుగున్నర, రెండడుగుల మందం. లోపలా బయటా సున్నపురాయి, నడుమ రాళ్ల ముక్కలు, సున్నం. వాన పడితే కాస్త తాగుతుంది, గాలి తగిలితే సున్నం సందుల్లోంచి వదిలేస్తుంది. ఆ సందులు సిమెంటుతో మూస్తే నీటికి మిగిలిన దారి రాయే. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి రాయి పొరలు పొరలుగా రాలిపోతుంది. రాయి లోపలికి అరిగిపోయి సిమెంట్ గీత మాత్రం బయటికి పొడుచుకొచ్చిన గోడలు ఎన్ని చూశానో! ఇక గోడకి ఆనించి ఎర్ర లైటు చూపించి భయపెట్టే ఆ చెమ్మ మీటరు అసలు చెక్క కోసం చేసింది. గోడలో ఉప్పు చేరినా ఎక్కువే చూపిస్తుంది.

పోయిన జనవరిలో మన తెలుగు అమ్మాయి ఫోన్ చేసింది. "అన్నా, బాబుకి దగ్గు తగ్గట్లేదు, ఆ గోడ చూస్తే భయమేస్తోంది." వెళ్లి చూస్తే గోడ వెనక పూలమడి మట్టి లోపలి గచ్చు కన్నా జానెడు ఎత్తుంది. గట్టర్ నిండా ఆకులు, నీళ్లన్నీ గోడ మీదకే. రెండూ ఆ వారమే తీయించాం. సందుల్లో సిమెంటును ఉలితో, చేత్తోనే తీయించాం. గ్రైండర్ పెడితే రాయి అంచు పోతుంది. ఆ సందుల్లో సున్నం నింపడం మాత్రం మంచు పోయే దాకా, ఏప్రిల్ చివరి దాకా ఆపాం. పచ్చి సున్నం చలికి మంచులా గడ్డకడితే పిండిలా రాలిపోతుంది. మా తాత ఊళ్లో గానుగ సున్నం మీద తడి గోనెసంచులు కప్పించేవాడు. అక్కడా అదే చేశాం. లోపలి గోడ పూర్తిగా ఆరడానికి మరో చలికాలం దాటాలని ముందే చెప్పాను.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను. దూలాలు పాత ఓడలవి అనేది సముద్రానికి ఇంత దూరంలో దాదాపు ఎప్పుడూ పుకారే. వాటి మీద కనిపించే గాడులు వేరే ఇంటి నుంచి తెచ్చిన కలపవో, తీసేసిన అడ్డగోడవో అయి ఉంటాయి. మూసిన కిటికీలన్నీ 1696-1851 నాటి కిటికీ పన్ను వల్ల కాదు. మెట్లో పొయ్యో మార్చినప్పుడు మూసినవీ ఉంటాయి.

గ్రేడ్ 2 లిస్టింగ్, అంటే పాత కట్టడాలకు ఇచ్చే చట్టరక్షణ, ముందు గోడకే అనుకోవద్దు. లోపలి మెట్లు, పొయ్యితో సహా మొత్తం ఇల్లు దాని కిందకే వస్తుంది. ఇంటి రూపం మారే పని అనుమతి లేకుండా చేస్తే క్రిమినల్ కేసు. సున్నం పాయింటింగే (రాళ్ల సందులు సున్నంతో నింపడమే) అయినా ముందు కౌన్సిల్‌లో పాత కట్టడాలు చూసే కన్జర్వేషన్ ఆఫీసర్‌ని అడగండి.